కొండమీది పళ్ల పానకం

పిల్లలూ! వేసవి సెలవులు వచ్చాయంటే మీ ఇళ్లలో సీసా పానీయాల గోల మొదలవుతుంది గదా! సీసామీద నోరూరించే మామిడిపండు బొమ్మ ఉంటుంది. ఈసారి ఆ బొమ్మను వదిలిపెట్టి, సీసా వెనకవైపు సన్నటి అక్షరాలు చదవండి. మన దేశపు నిబంధనల ప్రకారం "పండ్ల పానీయం" అనిపించుకోవటానికి నూటికి 10 పాళ్లు పండ్లరసం ఉంటే చాలు. నిమ్మ అయితే 5 పాళ్లే చాలు. మిగతాదంతా దాదాపు నీళ్లూ, చక్కెరా అన్నమాట.

నేను చెప్పబోయేది సీసాలో దొరికేది కాదు. దాదాపు యాభై ఏళ్ల కిందట, హార్సిలీ కొండమీద స్కౌటు శిబిరంలో మేము గ్లాసులు నాకి నాకి తాగిన పళ్ల పానకం. దాన్ని మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఆ కొండ మదనపల్లెకు 30 కిలోమీటర్ల లోపే ఉన్నది. దాని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర 19వ శతాబ్దంలో అక్కడ ఇల్లు కట్టుకుని వేసవి గడిపేవాడు. ఆయన పోయినా ఆయన పేరు పోలేదు. కొండ ఎత్తు సముద్రమట్టానికి 4,000 అడుగులకు పైమాటే. మదనపల్లె ఊరే 2,200 అడుగుల ఎత్తున ఉన్నది. ఒక కిలోమీటరు పైకి పోతే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన కొండమీద ఊరికంటె మూడు నాలుగు డిగ్రీలు చల్లన. అయితే ఏం, మే నెలలో మిట్టమధ్యాహ్నం బిందెలతో నీళ్లు మోసేవాడికి ఈ లెక్కలేవీ గుర్తుండవు!

మేము నలభైమందిమి. మదనపల్లె పిల్లలు, పుంగనూరు పిల్లలు, కుప్పం పిల్లలు. "ఒక్కొక్కరూ ఇంటినుంచి ఒక్కటి తెండి. పండయినా సరే, తీపయినా సరే," అని మా అయ్యవారు ముందే చెప్పి ఉన్నారు. మా వైపు బడిపంతులును అయ్యవారు అంటాము. కుప్పం వాళ్లు పనసతొనలు తెచ్చారు. ఇంకొకరు తోతాపురి మామిడిపళ్లు, ఇంకొకరు నిమ్మకాయలు, అరటిపళ్లు. ఇద్దరు కలిసి ఒక పుచ్చకాయను మోసుకువచ్చారు. అంగడివారి అబ్బాయి ఒకడు తెల్లటి చక్కెర పొట్లం తెచ్చాడు. ఆ పొట్లాన్ని అందరం గౌరవంగా చూశాము.

పుంగనూరు వైపు పల్లెనుంచి వచ్చిన అబ్బాయి ఒకడు తన మూటను పెట్టె వెనకాల దాచుకున్నాడు. అయ్యవారు అది చూశారు.

"ఏమిరా, ఆ మూటలో ఏముండాది?"

"బెల్లం అయ్యవారూ. నల్లగా ఉండాది."

మూట విప్పితే నిజంగానే నల్లటి అచ్చు. ఎవడో, "అది పశువులకు పెట్టే బెల్లం రా!" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ అబ్బాయి తల వంచుకున్నాడు. ఆ ఏడు వానలు లేవనీ, వాళ్లింట్లో తీపి అన్నది ఆ ఒక్క అచ్చేననీ తరవాత తెలిసింది.

అయ్యవారు ఏమీ అనలేదు. బెల్లంలో ఒక ముక్క చితక్కొట్టి తాము నోట్లో వేసుకుని, నవ్విన వాడి చేతిలో ఒక ముక్క పెట్టారు. వాడు చప్పరిస్తూ రెండో ముక్కకు చెయ్యి చాపాడు. "చక్కెర రేపటి సేమియాకు ఉంచండి. ఈ పూట దీనితోనే," అన్నారు అయ్యవారు. గంగాళం దగ్గర తెడ్డు ఆ పుంగనూరు అబ్బాయికే ఇచ్చారు.

బెల్లం ఎందుకు నల్లగా ఉంటుందో మీకు తెలుసా? చెరకురసాన్ని కాచేటప్పుడు మడ్డి పైకి తేలుతుంది. పాతకాలపు రైతులు బెండమొక్కల జిగురు వేసి ఆ మడ్డిని దేవేవారు. ఎంత దేవినా బెల్లానికి కొంత ముదురు రంగు ఉండనే ఉంటుంది. బజారులో మెరిసిపోయే పసుపుపచ్చ బెల్లానికి చాలాసార్లు హైడ్రోసు అనే గంధకపు మందు వేస్తారు. అంగడికి పోయినప్పుడు ముదురు రంగు బెల్లాన్ని చూసి మీరు మొహం చిట్లించనక్కరలేదు.

ఇక పానకం సంగతి. మొదట బెల్లాన్ని నీళ్లలో కరిగించి పలచని గుడ్డతో వడగట్టాము. అడుగున ఇసుకా, చెరకుపీచూ మిగిలాయి. ఆ గంగాళం ఇత్తడిదే గాని లోపల కళాయి పోసి ఉన్నది. ఇది చాలా ముఖ్యం! పులుపు ఇత్తడికి తగిలితే అందులోని రాగి కరిగి వస్తుంది, కిలుం పడుతుంది, తాగితే వాంతులవుతాయి. కళాయి అంటే లోపల పూసిన తగరపు పూత. మీ ఇంట్లో స్టీలు గిన్నె గాని, గాజు పాత్ర గాని వాడండి.

తరవాత పళ్లు. అరటిపండును కోసి ఊరికే ఉంచితే కాసేపటికే గోధుమరంగుకు తిరుగుతుంది. పండులో ఉండే ఎంజైములు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి చేసే పని అది. నిమ్మరసం చల్లితే ఆ పని మందగిస్తుంది. అందుకని కోసిన ముక్కలమీద ముందుగా కాస్త నిమ్మరసం చల్లి, మిగతా రసాన్ని చిట్టచివర పిండాము. నిమ్మ వాసన తేలికగా ఎగిరిపోతుంది. పైగా పిండి చాలాసేపు ఉంచితే చేదెక్కుతుంది.

మిరియాలు, ఏలకులు, అల్లం అయ్యవారి సంచిలోనే ఉన్నాయి. ఆఖరుకు రెండు వేళ్లతో ఉప్పు వేశారు. "పానకంలో ఉప్పేమిటి?" అని మేము గోల చేశాము. చిటికెడు ఉప్పు చేదును అణుస్తుంది, తీపిని పైకి తెస్తుంది. కావాలంటే పుచ్చకాయ ముక్కమీద ఉప్పు చల్లి తిని చూడండి.

అయ్యవారు దాన్ని "పంచ్" అన్నారు. అందరికీ పంచేది కాబట్టి పంచ్ అన్నారని మేము అనుకున్నాము. అసలు కథ వేరు. ఆ మాట మన "పంచ" అంటే అయిదు నుంచే పుట్టిందనీ, అందులో అయిదు దినుసులు కలిపేవారనీ చాలామంది చెబుతారు. పీపా పేరునుంచి వచ్చిందనేవారూ ఉన్నారు. తమాషా ఏమంటే, 1632లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఒకడు పెట్టపోలిలో ఉన్న స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆ మాట కనిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ మాట కనిపించే మొట్టమొదటి తావులలో అది ఒకటి. పెట్టపోలి అంటే మరేదో కాదు, మన బాపట్ల దగ్గరి నిజాంపట్నమే! ఆ దొరల పంచ్‌లో సారా ఉండేది లెండి. మన శ్రీరామనవమి పానకంలో సారా లేదుగాని, బెల్లం, నీళ్లు, మిరియాలు, ఏలకులు, శొంఠి లెక్కపెట్టండి, ఎన్ని వచ్చాయి?

గంగాళం చుట్టూ నలభైమందిమీ కలగలిసి కూర్చున్నాము. స్కౌటు శిబిరాలకు ఇది కొత్త కాదు. 1907లో బేడెన్ పావెల్ ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవిలో 20 మంది కుర్రవాళ్లతో మొదటి శిబిరం పెట్టినప్పుడు, గొప్పింటి పిల్లలనూ పనివాళ్ల పిల్లలనూ కావాలనే కలిపి ఉంచాడు. మన దేశంలో మాత్రం మొదట్లో మన పిల్లలను స్కౌటుల్లో చేర్చుకునేవారు కాదు. 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనీబిసెంటే భారతీయ బాలురకోసం వేరే స్కౌటు సంఘం నడిపింది. 1921లో బేడెన్ పావెల్ వచ్చినప్పుడు అది పెద్ద సంఘంలో కలిసింది.

ఇప్పుడు మీ ఇంట్లో చేసుకోండి. పదిమందికి కొలత ఇది: రెండు లీటర్ల మంచినీళ్లు, 200 గ్రాముల బెల్లం, ఒక కిలో పుచ్చకాయ గుజ్జు, రెండు మామిడిపళ్లు, రెండు అరటిపళ్లు, మూడు నిమ్మకాయలు, పది మిరియాలు, నాలుగు ఏలకులు, అంగుళం అల్లం, అరచెంచా కంటె తక్కువగా ఉప్పు. కత్తి పని పెద్దవాళ్లకు వదలండి. పళ్లు ఇవే ఉండాలని లేదు. చీనీకాయలు దొరికితే అవీ వెయ్యండి. కాని రెండు పుల్లనివి, రెండు తియ్యనివి ఉంటే బాగుంటుంది.

దీన్ని ఫ్రిజ్‌లో పెట్టవద్దు! ఇది మా మనమలతో నాకు ఏటా జరిగే తగాదా. సగం కొత్త మట్టికుండలో పోయండి, సగం ఫ్రిజ్‌లో పెట్టండి. కుండకు తడిగుడ్డ చుట్టి, గాలి తగిలే నీడలో ఉంచండి. రెండు గంటల తరవాత రెండూ రుచి చూడండి. ఫ్రిజ్‌లోది చప్పగా అనిపిస్తుంది. బెల్లం తగ్గలేదు. నాలుక బాగా చల్లబడితే తీపిని సరిగా పట్టుకోలేదు, అంతే. అందుకనే సీసా పానీయాల్లో అంత చక్కెర పోస్తారు. వాటిని వెచ్చబెట్టి తాగితే మొహం మొత్తుతుంది.

కుండ ఎందుకు చల్లబడుతుందంటే, దాని సన్నటి రంధ్రాలనుంచి నీరు ఊరి, ఆవిరి అవుతూ వేడిని తీసుకుపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావటానికి 580 కేలరీల వేడి కావాలి. మదనపల్లె వంటి పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది. చెమటలు కారే మద్రాసు ఎండలో అంతగా పనిచేయదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. వాంతులు, విరేచనాలు అయ్యేవాళ్లకు ఈ పానకం ఇవ్వకండి. ఇందులో తీపి ఎక్కువ. వాళ్లకు ఇవ్వవలసినది ఓఆర్ఎస్. గ్లూకోజు తోడు ఉంటే పేగులు ఉప్పునూ, దానివెంట నీటినీ త్వరగా పీల్చుకుంటాయని 1960 ప్రాంతాల్లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగాఁవ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైను సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబీస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు పీపాలలో ఉంచి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. అంతవరకు నూటికి ముప్పైమంది దాకా చనిపోతున్నచోట నలుగురికంటె తక్కువమంది చనిపోయారు. ఆయనకు 2023లో, మరణానంతరం, పద్మవిభూషణ్ ఇచ్చారు.

పంచేటప్పుడు ఒకే గరిటె వాడండి. పైపైన తేరుకున్న నీళ్లు మొదటివాళ్లకూ, అడుగున ముక్కలు చివరివాళ్లకూ పోకుండా ప్రతి గ్లాసుకూ ఒకసారి కలపండి. కొండమీద ఆ పుంగనూరు అబ్బాయి అలాగే పోశాడు. చక్కెర పొట్లం తెచ్చినవాడు మూడుసార్లు గ్లాసు చాపాడు.

కోసిన పళ్లు ఎండలో త్వరగా పులుస్తాయి. కనుక చేసినపూటే తాగెయ్యండి, మర్నాటికి ఉంచవద్దు. మా ఇంట్లో ఉంచవలసిన అవసరం ఇంతవరకూ రాలేదు.