మోయగలిగినంత

మృగయను మన ధర్మశాస్త్రములు రాజుల వ్యసనములలో జేర్చినవి. కామమువలన బుట్టు వ్యసనములు పదింటిని లెక్కించుచు మనువు దీనినే మొదట నుంచెను. ఇరువదేండ్లుగా బడిలో సంస్కృతమును, ఇంగ్లీషును జెప్పుకొని బ్రదుకుచున్న నాకు, మా యక్కగారి కుమారుడు వేటకు బోవ దలచినాడని వినగానే ఈ మాటయే తోచెను. అతడు రాజు గాడు. అమెరికాలో కొలరాడో రాష్ట్రమున, డెన్వరు నగరమునకు జేరువ, నెలజీతముతో ఇంటి యప్పు దీర్చుకొనుచున్న గృహస్థుడు. సెలవు పెట్టి అక్కగారిని జూడబోయిన నేను, అతనిని ఈ సంకల్పమునుండి మరలింపవలెనని నిశ్చయించుకొంటిని.

ఒకనాటి రాత్రి భోజనములైన పిదప అతడు బల్లమీద కాగితములు పరచెను.

"మామయ్యా, ఈ పద్దు మీరొకసారి చూడండి. ఆరువందల డాలర్లు దాటితే నాకు ఇంట్లో అనుమతి లేదు" అని నవ్వెను. అతని భార్య నవ్వలేదు.

అతడు వేటాడదలచినది ఎల్క్ అను మృగము. మన కణితికి పెద్దయన్న వంటిది. పోతు ఏడువందల పౌనులు తూగును. గుర్రములతో సహా మార్గదర్శకుని గుదుర్చుకొన్నచో వేలకొలది డాలర్లగును. సొంతభూములలో వేటాడిన భూస్వామికి రుసుము చెల్లింపవలెను. ఈ రెండును వలదన్నవానికి మిగులునది ప్రజలందరి సొత్తైన భూమి. 1891లో అధ్యక్షుడు హారిసను ప్రకటనతో రక్షణ పొందిన వైట్ రివర్ అరణ్యము నేడు సుమారు 23 లక్షల యెకరములు. అందు అధికభాగమున ప్రవేశించుటకుగాని గుడారము వేసికొనుటకుగాని రుసుము లేదు. ఒకచోట 14 దినములకు మించి యుండరాదు. ఆ రాష్ట్రమున గాపురమున్నవానికి వేట లైసెన్సు వంద డాలర్లలోపలనే దొరకును. బయటి రాష్ట్రములవారికి ఏడువందలు దాటును. 1949 మొదలుగా బుట్టిన ప్రతివాడును వేటగాని పాఠములు చదివి పత్రము పొందవలెను. అతడదియు బొందియుండెను. తుపాకి మిత్రునియొద్ద ఎరువు తెచ్చినది. గుడారము, మాంసము మూటగట్టు గుడ్డసంచులు, ఎర్రనారింజవన్నె చొక్కాయి, టోపీ, కారుకు పెట్రోలు: అన్నియు గూడి ఐదువందల నలుబది.

పద్దులో దప్పు గానరాలేదు. అంతట అతడు పటమును విప్పెను. గుడారము వేయదలచిన చోటు కేంద్రముగా మూడుమైళ్ల వృత్తము గీయబడియుండెను.

"ఇదేమిరా?" అంటిని.

"దీనికవతల ఎంత మంచి మృగము కనిపించినా కాల్చను. మోయలేను."

వేటయన్నచో తుపాకి మ్రోతయే దానికి ముగింపని నేనెంచియుంటిని. నిజమునకు పని యప్పుడే మొదలగును. ఎముకలు దీసిన మాంసమే రెండువందల పౌనులు. చెడకుండ వెంటనే చల్లార్పవలెను. కొమ్ములు మాత్రము గోసికొని కళేబరమును విడిచిపోవుట అచ్చట నేరము. ఆ మాంసమును విక్రయింపరాదు. వీపున అరువదేసి పౌనులు మోసినను నాలుగు మోతలు. "నాలుగు మూళ్లు పండ్రెండు మైళ్లు" అని అతడు వ్రాసికొనెను.

"నాయనా, ఉత్తచేతులతో మరలిపోవు నడక లెక్కకు రాదా?" అంటిని. మోసికొనివచ్చుట నాలుగుసార్లు, తిరిగిపోవుట మూడుసార్లు: ఏడు మూళ్లు ఇరువదియొకటి. అదియు తొమ్మిది, పదివేల యడుగుల యెత్తున, ఊపిరి యాడని చోట. అతడు మారుపలుకక వృత్తమును చెరిపి రెండుమైళ్లకు గీసెను. అందును, దిగుటకు సులభమై ఎక్కుటకు దుర్భరమైన లోయ నొకదానిని గొట్టివేసెను. మరలింపబోయిన నేను లెక్క దిద్దుటకు గూర్చుంటిని!

అక్టోబరు కడపట బయలుదేరితిమి. వంటవాడనుగా నేనును వెంటబోతిని. మొదటి రెండుదినములును తలనొప్పితో గుడారమున బడియుంటిని. అతడు తెల్లవారక మునుపే లేచి గాలి చూచుకొనెడివాడు. వేకువను చల్లగాలి కొండపైనుండి క్రిందికి దిగును. ఎండ కాగినకొలది క్రిందినుండి పైకెక్కును. మనుష్యవాసన సోకిన మృగము నిలువదు. పగలు ఉత్తరపు వాలున దట్టమగు చెట్లలో బండుకొని, ఉదయ సాయంసంధ్యలలో పచ్చికబయళ్లకు వచ్చును. ఇరువదవ శతాబ్దారంభమున ఆ రాష్ట్రమునందంతటను వేయింటికి మించి మిగులని ఈ జాతి నేడు రెండున్నర లక్షలు దాటినది. ఇతర ప్రాంతములనుండి తెచ్చి విడుచుటయు, వేటకు హద్దులు విధించుటయు ఇందుకు ముఖ్యకారణములు. 1937 నాటి చట్టము ప్రకారము తుపాకులమీదను గుండ్లమీదను వచ్చు సుంకము మృగరక్షణకే పోవును.

మూడవనాడు ప్రొద్దు గ్రుంకి చీకటి పడినను అతడు రాలేదు. అక్కగారికేమి చెప్పుదునని కూడు ముట్టక కూర్చుంటిని. రెండుగంటలకు దీపపు వెలుగొకటి చెట్లలో గదలెను. చేతులు వట్టివి.

"కనిపించింది మామయ్యా. రెండువందల గజాలు. వృత్తంలోనే."

"మరి?"

ఆ ప్రాంతమున పోతు కొమ్మునకు ఒకప్రక్కనైన నాలుగు శాఖలుండవలెను. లేదా నుదుటికొమ్మ ఐదంగుళములైన నుండవలెను. అంతకు లేతదానిని గొట్టరాదు. నల్లని చెట్లు వెనుకనుండుటచే శాఖలు లెక్కకు రాలేదట. చట్టము ప్రకారము ఇంకను పదినిమిషముల వేళ యున్నదట. తుపాకి దించివేసెను.

"నాలుగున్నట్టే ఉంది. కాని ఉన్నట్టుండడం వేరు, ఉండడం వేరు" అనెను.

ఆ రాత్రి నాకు నిదుర రాలేదు. చీకటిలో నీటిచప్పుడు విని ఏనుగనుకొని బాణము విడిచిన దశరథుని కథ నేనేటేట పిల్లలకు జెప్పుదును. శాపము, పుత్రశోకము, విధిబలీయము అని ముగింతును. చూడక విడిచినాడన్న మాట నేనెన్నడును నొక్కి చెప్పియుండలేదు. విధికంటె ముందున్న దోషము నది. శబ్దవేధి యన్న బిరుదే రాజును జెరచెను. బిరుదు లేని ఈ గృహస్థుడు లెక్క తేలనందున ఆగెను.

మనదేశమున 1972 నాటి చట్టము వేటను మాన్పినది; అది యట్లే యుండుట మేలు. నేను జెప్పబోవునది వేటనుగూర్చి కాదు. మన యూళ్లలో చెరువుగట్టును, పోరంబోకును, గుట్టయు నందరివి. అందరివి గనుక ఎవనికి దొరికినంత వాడు దోచుకొనును. అడ్డగించువాడు లేనిచోట తనకు దాను వృత్తము గీసికొని, దానికవతల నాది కాదనుకొన్నవానిని ఈ వయసున నేను మొదటిసారి చూచితిని. చౌకగా దొరకిన హక్కునకు మూల్యము వీపుతోను, నిగ్రహముతోను జెల్లింపవలెనని మా మేనల్లుడు నాకు నేర్పెను.

మరునాడును ఏమియు దొరకలేదు. ఇల్లు చేరినపుడు అతని భార్య వట్టిపెట్టెను చూచినది, పిమ్మట పద్దును చూచినది. ఐదువందల నలుబదియే. మేమిరువురమును మాటాడక నిలిచితిమి.

"వచ్చే యేడు గుడారం కొననక్కరలేదు కదా?" అని యామె కాగితమును మడచి సొరుగులో బెట్టినది.