బళేపేటలో గేర్ల పరీక్ష

కన్నడంలో బళె అంటే గాజు. ఆ పేరుగల బళేపేటలో గాజులే కాదు, వాద్యాల అంగళ్లూ ఉన్నాయి, లేనిదల్లా చోటే. జనం మధ్య మెల్లగా పోతూంటే, మా ఆటోమేటిక్ కారు గేరు మారినప్పుడల్లా తల ఊపింది.

"గేరుబాక్సు పోయింది, బావగారూ!" అన్నాడు బావమరిది.

మాది ఏ.ఎం.టి. బండి, 2014లో సెలెరియోతో మన దేశంలో సామాన్యులకు అందిన పద్ధతి. మామూలు గేర్లకే క్లచ్చి నొక్కే యంత్రం తగిలిస్తారు. క్లచ్చి విడిచి పట్టే క్షణంలో చిన్న ఊపు సహజం. టార్క్ కన్వర్టరైతే మెత్తగా మారాలి, సి.వి.టి.లో గేర్లమెట్లే ఉండవు.

ఎప్పుడూ ఒకే తీరున ఊగితే అది స్వభావం. కొత్తగా దెబ్బకొట్టినట్లు కుదిపినా, ఇంజను అరిచి బండి సాగకున్నా, కాలిన వాసన వచ్చినా అది రోగం. వెంటనే మెకానిక్కుకు చూపాలి.

గేరు మారేవేళ యాక్సిలరేటరు మీద కాలు తేలిక చేశాము. ఊపు తగ్గింది, గేరుబాక్సు విప్పించే ఖర్చూ తప్పింది.