ఇంతెజార్, ఉమ్మీద్, నిరీక్షణ

ఇరవై ఏళ్ల కిందటి సంగతి. బషీర్‌బాగ్‌లో ఓ పత్రికలో కొత్తగా చేరాను. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినోణ్ణని కొంచెం గురూర్ ఉండేది. క్రిస్మస్ పేజీకి వచ్చిన ఓ వ్యాసంలో ప్రతి చోటా 'నిరీక్షణ' అని ఉంది. చదివితే అర్థం అతకలేదు. అన్నీ కొట్టేసి 'ఆశ' అని దిద్దాను. ప్రూఫులు చూసే అక్క ఆ కాగితం పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చింది. "తమ్ముడూ, ఇది మా బైబిల్ మాట. ఆశ అంటే జీతం పెరగాలని మీకుందే, అది. ఇది వేరే" అంది.

అదే వారం ఇంకోటి కూడా అయింది. 'గన్‌ఫౌండ్రీ విచారణ' అని ఓ ప్రెస్‌నోట్ వస్తే, ఏ కేసు మీద ఎంక్వైరీ అని అడిగాను. పారిష్‌ని తెలుగు కేథలిక్కులు విచారణ అంటారట. అక్క నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్ల తర్వాత నాకు ఆ మాట చాలా నచ్చుతుంది. ఎవరెలా ఉన్నారో విచారించుకునే జనం అన్నమాట!

అక్క రిటైరై చాలా కాలమైంది. మోకాళ్ల నొప్పులు. కూతురు కువైట్‌లో నర్సు. రెండు క్రిస్మస్‌ల నుంచి సెలవు దొరకట్లేదు. 2025 నవంబర్ 30, ఆదివారం, తోడు తీసుకెళ్లేవాళ్లు ఊళ్లో లేరని నాకు ఫోన్ చేసింది. "ఈరోజు ఆగమన కాలం మొదలు, పూజ తప్పితే మనసొప్పదు" అంది.

మా నాంపల్లి ఇంటి నుంచి వెళ్లి అక్కను ఆటోలో ఎక్కించుకున్నాను. ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. అది దాటి గన్‌ఫౌండ్రీ. మా అబ్బా ఈ ఇలాఖాను 'తోప్ కా సాంచా' అనేవారు. రెండో నిజాం కొలువులో ఫ్రెంచి ఫౌజీ రేమండ్ ఫిరంగులు పోతపోయించిన చోటు. ముసల్మాన్లు అతణ్ణి మూసా రహీం అన్నారు, హిందువులు మూసారామ్ అన్నారు. మూసారాంబాగ్ ఆయన పేరే. ఆ కార్ఖానాకు దగ్గర్లోనే సెయింట్ జోసెఫ్ కెథడ్రల్.  మహబూబ్ అలీ పాషా కాలంలో కట్టారు. లోపలి గంటలు ఇటలీ నుంచి వచ్చాయి. ఇది ఆర్చిబిషప్ గుడి. ఇప్పటి ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ పదవికి వెళ్లిన మొదటి మనిషి ఆయన.

ముసల్మాన్ అయ్యుండి చర్చిలో కూచున్నావా అని మీలో కొందరు అడుగుతారు, తెలుసు. వెనక బెంచీ మీద అదబ్‌తో కూచున్నాను. నజ్రాన్ నుంచి వచ్చిన ఈసాయీలకు మస్జిద్-ఎ-నబవీలోనే జాగా ఇచ్చిన కిస్సా సీరత్ కితాబుల్లో మనం చదివిందే.

పండగ ముందు కళకళలాడుతుందనుకుని వెళితే, సాదాగా ఉంది. ఫాదర్ ఊదా రంగు వస్త్రాలు వేసుకున్నారు. క్రిస్మస్ దాకా ఆదివారాల్లో 'గ్లోరియా' పాడరట, సంతోషాన్ని దాచి పెట్టుకోవడానికి. పచ్చటి ఆకుల చక్రంలో నాలుగు కొవ్వొత్తులు, మూడు ఊదా, ఒకటి గులాబీ. ఆరోజు ఒక్కటే వెలిగించారు. దాన్ని నిరీక్షణ వత్తి అంటారని అక్క చెవిలో చెప్పింది. వారానికొకటి చొప్పున నాలుగు ఆదివారాలు. మూడో ఆదివారం గులాబీది, సగం దారి దాటాం కాబట్టి కాస్త ఖుషీ. కేథలిక్కులకు 2025 జూబిలీ సంవత్సరం కూడా, దాని మకుటమే ఈ నిరీక్షణ మీద.

వాళ్లు ఎదురుచూసేది రెండింటి కోసం అట. పుట్టిన బిడ్డను తలుచుకోవడం ఒకటి, ఆయన మళ్లీ రావడం రెండోది. ఈ రెండోదాని దగ్గర నేను ఉలిక్కిపడ్డాను. హజ్రత్ ఈసా అలైహిస్సలాం దిమిష్క్‌లో తెల్ల మినారు దగ్గర దిగుతారని మా హదీసులోనూ ఉంది కదా! ఆయన ఎవరన్న దగ్గర మా అఖీదా వేరు, అది వేరుగానే ఉంటుంది. ఇంతెజార్ మాత్రం రెండిళ్లలోనూ ఉంది.

పూజయ్యాక బయట గంటసేపు నిలబడ్డాం. అక్కడ ఎవరూ ఊరికే ఎదురుచూడట్లేదు. ఏ సందుకు ఏ రాత్రి కేరల్స్ వెళ్లాలో కుర్రాళ్లు లిస్టు రాసుకుంటున్నారు. పశువుల పాకకు గడ్డి ఎవరు తేవాలో ఓ ఖాలా తేలుస్తోంది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు ఎవరెవరు వెళ్లాలో ఇంకొకరు పంచుతున్నారు. అక్క కుంటుకుంటూ వెళ్లి తన సందులో ఇద్దరు ముసలివాళ్ల పేర్లు చెప్పొచ్చింది.

"పాపసంకీర్తనానికి వెళ్లాలి ఈ నెల్లో" అంది ఆటోలో. "తోడికోడలితో మాట్లాడి మూడేళ్లయింది. ఆమెతో మాట్లాడకుండా ఫాదర్ ముందు ఏ మొహంతో మోకరిల్లను?" కాసేపాగి, "మీ తమ్ముడు?" అంది.

నేను ఎస్‌బీఐ బిల్డింగ్ వైపు చూస్తూ కూచున్నాను.

అబ్బా పోయాక ఇంటి వాటా దగ్గర మాటా మాటా పెరిగింది. వాడు ఘుస్సాలో ఏవో అన్నాడు. కానీ 'అబ్బా బీమారీలో నువ్వు ఎక్కడున్నావ్' అన్న మాట నాది. వాడు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు, ఆరేళ్లయింది. ప్రతి ఈద్‌కి అమ్మీ షీర్‌ఖుర్మా ఓ గిన్నెలో తీసి మూతపెట్టి పక్కన ఉంచుతుంది. మర్నాడు పొద్దున పనామెకు ఇచ్చేస్తుంది. ఎవరం ఏమీ అనం. ముసల్మాన్ తన భాయ్‌తో మూడు రోజులకు మించి మాటలు మానేయడం హలాల్ కాదనీ, ముందు సలాం చెప్పినవాడే మేలనీ చిన్నప్పుడు మౌల్వీసాబ్ మా ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టే నేర్పించారు. ఆ సలాం వాడే చెప్పాలని నేను ఆరేళ్లు కూచున్నాను. దాన్ని సబ్ర్ అనుకున్నాను.

ఉర్దూలో ఇంతెజార్ వేరు, ఉమ్మీద్ వేరు. ఉమ్మీద్ లేకుండా కూడా ఇంతెజార్ చేయొచ్చు, మా షాయరీ సగం అదే. తెలుగు బైబిల్ రెండింటినీ కలిపి ఒకే మాటలో పెట్టింది. దాన్నే నేను కొట్టేసి దిద్దాను.

డిసెంబర్ 14న అక్కే ఫోన్ చేసింది, గులాబీ వత్తి వెలిగిందని. తోడికోడలింటికి అరిసెలు తీసుకెళ్లిందట. "తలుపు తీసింది. కూచోమనలేదు. అరిసెలు మాత్రం తీసుకుంది" అని నవ్వింది.

ఆ రాత్రి ఇషా తర్వాత తమ్ముడి నంబర్ నొక్కాను. అమ్మీ దస్తర్‌ఖాన్ దగ్గర మటర్ ఒలుస్తోంది. తల ఎత్తలేదు, కానీ చేతులు ఆగాయి. పూర్తిగా మోగి ఆగిపోయింది.

"ఉఠాయా క్యా?"

"నై అమ్మీ."

"రింగ్ హుయా నా?"

"హుయా."

"అచ్ఛా" అని మళ్లీ మటర్ ఒలవడం మొదలెట్టింది.