నలభై ఒకటో జాకెట్

2022 దసరాకు నా మిషన్ పక్కన 41 జాకెట్ గుడ్డలు మూటలు కట్టి ఉన్నాయి. ప్రతి మూటలో ఒక ఆది జాకెట్, పేరు రాసిన చీటీ. ప్రొద్దుటూరు దసరా చూసినవాళ్ళకు ఆ మూటల సంగతి అర్థమవుతుంది. బంగారం, బట్టల వ్యాపారంతో రెండో బొంబాయి అనిపించుకున్న ఊరు మాది. అమ్మవారిశాలలో వాసవీమాతకు రోజుకో అలంకారం చేస్తారు. చూడను పోయే ఆడవాళ్ళు రోజుకో చీర కడతారు. ఏడాది మొత్తంలో నా చేతిలో నాలుగు డబ్బులు ఆడేది ఆ నెలలోనే. ఆ ఏడు ఒక్క గుడ్డ కూడా కత్తిరించలేదు. మంచం మీద నుంచి మూటల్ని చూస్తూ పడుకున్నాను. తొట్టిమెరవణి డప్పులు మోగుతుంటే దిండు తీసి చెవుల మీద అదుముకున్నాను. మా పాప వచ్చి "చూద్దువు రామ్మా" అని చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. ఆ విదిలింపు నా చెయ్యి ఇంకా మరిచిపోలేదు.

నాకు మొదట ఏడుపు రాలేదు. అందుకే ఇది మనసు జబ్బని నాకూ తట్టలేదు, ఇంట్లో వాళ్ళకూ తట్టలేదు. ఎండాకాలంలో మెడ లాగడం మొదలై నడుముకు దిగింది. మిషన్ తొక్కేవాళ్ళకు మామూలేలే అనుకున్నాను. తర్వాత అన్నం ముద్ద గొంతులో ఆగిపోయేది. తెల్లవారుజామున మూడింటికి ఎవరో లేపినట్టు మెలకువ వచ్చేది, ఇక నిద్ర పట్టేది కాదు. తెల్లారేకొద్దీ గుండెల మీద రోలు పెట్టినట్టుండేది. పళ్ళు తోముకోవడానికి లేవాలన్నా కాళ్ళు రావు. సాయంత్రానికి కాస్త తేలికయ్యేది. ఆ తేలికే నా మీద నిందకు కారణమైంది. "సాయంత్రం బాగానే మాట్లాడతావు గదా, పొద్దున పని యాలకే యాడి నుంచి వస్తాది ఈ నొప్పి?" అని మా అత్త అడిగితే నా దగ్గర జవాబు లేదు. పొద్దున ఎక్కువై సాయంత్రానికి తగ్గడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటని తర్వాత డాక్టరమ్మ చెప్పినప్పుడు ముందు కోపం వచ్చింది. నటిస్తున్నానేమోనని అన్నాళ్ళూ నన్ను నేనే అనుమానించుకున్నాను మరి.

వైద్యానికి డబ్బు పెట్టలేదని కాదు. ఆర్ఎంపీ దగ్గర ఏడు సీసాల గ్లూకోజు ఎక్కించుకున్నాను, బలం సూదులు వేయించుకున్నాను. సీసా ఎక్కిన రోజు సాయంత్రం బాగుండేది. అది సీసా గుణం కాదు, సాయంత్రం గుణం. స్కానింగులో ఏమీ లేదన్నారు. మా అత్త దిష్టి తీసింది, అంత్రం కట్టించింది. ఆమెకు చేతనైంది ఆమె చేసింది, నాకు ఆమె మీద కోపం లేదు. నరాల డాక్టరని పేరున్న ఒకాయన నిద్రమాత్రలు రాసిచ్చాడు. ఎన్నాళ్ళు వాడాలో చెప్పలేదు. ఐదు నెలలు మింగాను. నిద్ర పట్టేది గానీ మేలుకున్నాక బతుకు అట్లే ఉండేది. మాత్ర లేని రోజు చేతులు వణికేవి. ఇరవై ఏళ్ళుగా చూడకుండా దారం ఎక్కించిన చేతులు, సూది బెజ్జం ఎక్కడుందో వెతుక్కున్నాయి.

నా గురించి అడిగినవాళ్ళకు మా ఆయన "పులివెందులకు పుట్టింటికి పోయింది" అని చెప్పేవాడు. లోపలి గదిలోంచి వినేదాన్ని. మూటలన్నీ ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చేశాడు. ఒక్కామె మాత్రం తీసుకోలేదు. "ఉండనీ అన్నా, బాగైనాక కుట్టిస్తాదిలే" అని పోయింది. ముదురాకుపచ్చ గుడ్డ అది.

తర్వాత నిజంగానే పుట్టింటికి పంపారు. పులివెందుల దగ్గర మా నాయనకు చీనీతోట ఉంది. వచ్చిన చుట్టాలంతా ధైర్యంగా ఉండమని, పిల్లల్ని చూసుకుని బతకమని చెప్పేవాళ్ళు. నాయన ఒక్కడే ఏమీ చెప్పలేదు. ఒకరోజు చుట్టాలు పోయినాక, "చెట్టుకు ఎండుతెగులొస్తే మందు చూస్తాం గానీ, ధైర్యంగా ఉండు అంటామా" అన్నాడు. పురుగుమందుల గదికి తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. చచ్చిపోతే అందరికీ తేలికవుతుందని రోజూ అనిపించే కాలం అది. నాకు జరిగిన మొదటి సరైన వైద్యం ఆ తాళమే.

రెండోది మా అక్క. ఆమె జమ్మలమడుగులో ఉంటుంది. ఇద్దరు పిల్లలూ కాంబెల్ ఆస్పత్రిలో పుట్టారు, ఆస్పత్రంటే ఆమెకు బెరుకు లేదు. 2023 మార్చిలో ముద్దనూరు మీదుగా బస్సులో వచ్చి, నా జడ విప్పి, చిక్కు తీసి, మళ్ళీ అల్లి, "లేయ్ మే, కడపకు పోదాం" అంది. నేను రానన్నాను. "నువ్వు రావాకు, నేను తీసకపోతా" అంది.

కడప రిమ్స్‌లో మానసిక వైద్యం ఓపీ ముందు కొంగు ముఖానికి కప్పుకుని కూర్చున్నాను. వరుసలో బడిపంతులు ఒకాయన, ఇంటర్ పుస్తకాలతో ఒక పిల్ల, మట్టి చెప్పులతో వచ్చిన రైతు. నేను భయపడిన పిచ్చాసుపత్రి అక్కడ కనబడలేదు. డాక్టరమ్మ నిద్ర, తిండి, పని గురించి అడిగి, అదే గొంతుతో "చచ్చిపోవాలని అనిపిస్తుందామ్మా?" అంది. తల ఊపాను. పది నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. అడిగితే లేని ఆలోచన పుడుతుందని జనం భయపడతారు. నాకు మాత్రం నెత్తి మీద మూట ఎవరో పట్టి దించినట్టయింది. థైరాయిడ్ తగ్గినా, బి12 తగ్గినా ఇట్లే నీరసపడతారని రక్తపరీక్షలు చేయించింది. అవి బాగున్నాయి. అప్పుడు చెప్పింది, డిప్రెషన్ అని.

మందు గురించి దాపరికం లేకుండా చెప్పింది. ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. "వికారం ఈ వారమే వస్తాది, గుణం రావడానికి నాలుగు వారాలు పట్టొచ్చు, ఆరు వారాలైనా పట్టొచ్చు. మధ్యలో మానాకు." నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపకుండా కొంచెం కొంచెంగా తగ్గించింది. ఆరు వారాలయ్యాయి. మూడింటి మెలకువ నాలుగున్నరకు జరిగింది, అంతే. నాకు మందు కూడా పట్టదు, నేను పనికిరాననుకున్నాను. అమెరికాలో 2006లో ఫలితాలు వెలువడిన స్టార్-డీ అనే పెద్ద పరిశోధనలో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది మూడింట ఒకరేనని ఆమె చెప్పింది. మందు మార్చి రాత్రిపూట మిర్టాజపిన్ మొదలుపెట్టింది. మూడో వారంలో అక్క ఇంట్లో సంగటి, చెనక్కాయల ఊరిబిండి తింటూ ఇంకో ముద్ద అడిగాను. అక్క ముద్ద వేసి వంటింట్లోకి పోయింది. కాసేపు బయటికి రాలేదు.

ఈ మందులు ఎట్లా పుట్టాయని ఒకసారి డాక్టరమ్మను అడిగాను. మొదటివాటిలో ఒకటి క్షయ మందుల్లోంచే వచ్చిందట. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో ఐప్రోనియాజిడ్ ఇచ్చిన క్షయ రోగులు హుషారుగా లేచి తిరిగారు, తిండి అడిగి తిన్నారు. అది చూసి డాక్టర్లు ఆ మందును కుంగిపోయినవాళ్ళకు ఇచ్చి చూశారు. పుట్టింటికొచ్చి ఆ మాట నాయనకు చెబితే చాలాసేపు పలకలేదు. తర్వాత చెప్పాడు. మా జేజి క్షయతో మదనపల్లె ఆరోగ్యవరంలో ఏడాది ఉందంట. ఆ శానిటోరియం పేరు రాయలసీమలో ఎవరికి తెలియదు? అయినా ఊళ్ళో మాత్రం "పుట్టింటికి పోయింది" అని చెప్పారంట. నా మీద చెప్పిన అబద్ధమే, మాట కూడా మారలేదు.

మాత్రలు నన్ను మంచం మీద కూర్చోబెట్టాయి. అక్కడి నుంచి, ప్రొద్దుటూరుకు తిరిగొచ్చినాక, మిషన్ దాకా నడిపించింది ఒక కౌన్సెలర్ పిల్ల, నా కంటే పదిహేనేళ్ళు చిన్నది. "కుట్టాలనిపించినాక కుడతా" అన్నాను. "అనిపించేదాకా ఆగొద్దు ఆంటీ, ముందు చేతులు కదలనీ" అంది. మొదటి రోజు ఆ ముదురాకుపచ్చ గుడ్డ మీద సుద్దతో ఒక గీత గీయాలి, అంతే. రెండో రోజు ఇంకోటి. గీసినవన్నీ నోటు పుస్తకంలో రాసుకోవాలి, ఎట్లా అనిపించిందో పక్కన మార్కులు వేసుకోవాలి. చిన్నపిల్లల ఆటలా తోచింది గానీ, చేశాను. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ఇలాంటి పద్ధతితోనే డిప్రెషన్ తగ్గించారని, 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిందని తర్వాత చదివాను. గీత, కత్తిరింపు, భుజాలు, చేతులు, చివర రోజుకొక హుక్కు. ఒకప్పుడు గంటన్నరలో లేపే జాకెట్‌కు రెండు నెలలు పట్టింది. గుడ్డ ఇచ్చినామె ఇంటికి నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఆమె కూలి లెక్కపెట్టి ఇచ్చింది తప్ప ఏమీ అడగలేదు.

తలకు కరెంటు పెడతారేమోనని నాకు మొదటి నుంచీ లోలోపల భయం. నాకు ఆ అవసరం రాలేదు. కానీ ఓపీలో ఒక ముసలామెను చూశాను. తిండి, మాట రెండూ మానేస్తే కూతురు ఎత్తుకొచ్చింది. ఆమెకు మత్తిచ్చి ఆ వైద్యం చేశారు. 2017 చట్టం ప్రకారం మత్తు లేకుండా, కండరాలు సడలించే మందు లేకుండా అది చేయకూడదు. నెల తర్వాత ఆ ముసలామె కనబడి నన్నే "తిన్నావా?" అని అడిగింది.

నవంబరులో బాగైపోయాను కదా అని నాకు నేనే మందు ఆపేశాను. డాక్టరమ్మకు చెప్పలేదు. 2024 సంక్రాంతి నాటికి మూడింటి మెలకువ తిరిగొచ్చింది. దాన్ని గుర్తుపట్టినప్పుడు కలిగిన భయం మొదటిసారి కూడా లేదు. కడపకు పోతే ఆమె తిట్టలేదు. బాగైనాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, రెండోసారి వచ్చింది కాబట్టి ఇప్పుడు ఇంకా ఎక్కువ కాలం వాడాలి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి అంది. ఇప్పటికీ వాడుతున్నాను. ఒళ్ళు కాస్త పెరిగింది, పొద్దున లేవడం మొద్దుగా ఉంటుంది. అవి భరించగలను.

2015-16లో నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో పెద్దవాళ్ళలో 20 మందికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు పడ్డారని తేలింది. జబ్బున్నవాళ్ళలో 85 శాతం మందికి వైద్యం అందడం లేదని కూడా అప్పుడు తేలింది. నా దగ్గర కుట్టించుకునేవాళ్ళు రెండు వందల మంది. లెక్క ప్రకారం పదిమంది ఉండాలి. నాకు ఇద్దరే తెలుసు. ఒళ్ళు లాగుతోందనీ, మూడింటికే మెలకువ వస్తోందనీ ఎవరైనా అంటే కొలత టేపు పక్కన పెట్టి వింటాను. చీటీ వెనక 14416 రాసిస్తాను. టెలిమానస్ నంబరది, రాత్రి పగలు ఎప్పుడైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు అడగరు. అది మొదలైంది 2022 అక్టోబరు 10న. దసరా అయిన ఐదో రోజు. నేను మంచం మీద మూటలు చూస్తున్న వారమే.

నెలకు ఒక సోమవారం కొట్టు తీయను. ఇంతకు ముందు తలుపుకు తాళం మాత్రం వేసి పోయేదాన్ని, అడిగినవాళ్ళకు మా ఆయన ఏదో ఒకటి చెప్పేవాడు. ఇప్పుడు పాప చిన్నప్పటి పలకను మేకుకు తగిలించి పోతున్నాను. మొదటిసారి దాని మీద రాసింది మా ఆయనే: "కడప రిమ్స్‌కు పోయింది. సాయంత్రం ఆరుకు వస్తుంది."