నేను నొక్కిన నెక్స్ట్

రెండు వారాలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. ఒంట్లో బాగోలేదేమోనని కొందరు ఫోను చేసి అడిగారు. నేను బాగానే ఉన్నాను. జబ్బు చేసింది మా ఇంట్లో కంప్యూటరుకి. అంతవరకే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. మీలో కొందరికి సంబంధించిన సంగతి ఒకటి ఇందులో ఉంది. అది చెప్పాల్సిన బాధ్యత నాది.

మా కంప్యూటరు మీలో చాలామంది చూసినదే. ముందు గదిలో కిటికీ పక్కన, మీ అమ్మగారు కుట్టిన గుడ్డ కప్పుకుని ఉంటుంది. పట్నంలో ఒక ఆఫీసువాళ్ళు మార్చేస్తుంటే సెకండ్ హ్యాండులో తెచ్చాం. విండోస్ 7, 2 జీబీ ర్యామ్. నా ప్రసంగాల నోట్సు, ఆదివారం పాటల షీట్లు, కానుకల లెక్క, మా అమ్మాయి డిగ్రీ ప్రాజెక్టు, ఇంటర్ చదివే మావాడి క్రికెట్ ఆట అన్నీ అందులోనే. ఒకటే బావి, ఇంటిల్లిపాదీ చేదలూ దాంట్లోనే.

సంక్రాంతి వెళ్ళాక అది నెమ్మదించడం మొదలుపెట్టింది. మీట నొక్కి, వెళ్ళి స్నానం చేసి వచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. పాతబడిపోయిందిలే అనుకున్నాను. తర్వాత బ్రౌజరు తెరిస్తే మేము పెట్టుకున్న పేజీ పోయి, ఎప్పుడూ చూడని వెతుకులాట పేజీ ఒకటి వచ్చేది. మార్చి పెట్టినా మర్నాటికి మళ్ళీ అదే. మూలన ఎర్రటి పెట్టె ఒకటి లేచి, మీ కంప్యూటరులో వందల లోపాలున్నాయి, డబ్బు కడితే బాగు చేస్తామనేది. ఆ డబ్బు కట్టడానికి కూడా ఒకరోజు సిద్ధపడ్డాను. మీ అమ్మగారు అడ్డుపడ్డారు గనుక సరిపోయింది.

ఒక సాయంత్రం సంఘ పెద్దలు లెక్కలు చూడ్డానికి వచ్చారు. కరెంటు బిల్లు కడదామని వాళ్ళ ముందే ఇంటర్నెట్ తెరిచాను. తెర నిండా ఆడవాళ్ళ బొమ్మలు, మీకు చెప్పుకోదగినవి కావు. ఒకటి మూస్తే రెండు లేచాయి. ఒక పెద్దాయన గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటకు చూశారు. నాకు తల తీసేసినట్టయింది. వరండాలో చదువుకుంటున్న మావాణ్ణి పిలిచి, వాళ్ళందరి ముందే, "రాత్రుళ్ళు నువ్వు చేస్తున్న చదువు ఇదేనా?" అన్నాను. "నేను కాదు నాన్నా" అన్నాడు. "అబద్ధం కూడానా?" అన్నాను. వాడింకేమీ మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. తర్వాత పది రోజులు ఆ కుర్చీలో కూర్చోలేదు.

మన సంఘంలో, మండల కేంద్రంలో కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు ఒక సోమవారం వచ్చాడు. కాసేపు చూసి, "అయ్యగారూ, ఇది స్పైవేరు" అన్నాడు. వైరస్ తనలాంటి వాటిని పుట్టించుకుంటూ పాకుతుందట. ఇది అలా కాదు, అద్దె లేకుండా ఇంట్లో దిగిన మనిషిలా ఓ మూల కూర్చుని, మనం ఏ పేజీలు చూస్తున్నామో, ఏం వెతుకుతున్నామో రాసుకుని బయటికి పంపుతుంది. కొన్ని రకాలు మనం నొక్కే ప్రతి అక్షరాన్నీ రాసుకుంటాయి. దీనికి తోడు వచ్చేవి ప్రకటనలు తెచ్చి పోస్తాయి, చూపించిన ప్రతిదానికీ ఎవరికో ఎక్కడో డబ్బు ముడుతుంది. నేను మొహమాటపడుతూనే అడిగాను, ఆ బొమ్మల సంగతి. "అలాంటివి రావడానికి ఎవరూ అలాంటి సైట్లు చూడక్కర్లేదండి. చందమామ కథలు చదువుతున్నా వచ్చి పడతాయి" అన్నాడు. మావాడు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. నేను అటు చూడలేదు.

నెమ్మదికి కారణం కూడా చూపించాడు. టాస్క్ మేనేజర్ తెరిస్తే, మేము ఏ పనీ చేయకుండానే సీపీయూ నూటికి నూరూ వాడేస్తోంది. ఎమ్ఎస్‌కాన్ఫిగ్ అని కొడితే కంప్యూటరుతో పాటే నిద్ర లేచే ప్రోగ్రాముల జాబితా వచ్చింది. సగం పేర్లు మాలో ఎవరికీ తెలియవు.

తర్వాత కంట్రోల్ ప్యానెల్లో, ఎక్కించిన ప్రోగ్రాములన్నీ ఉండే చోటు తెరిచాడు. అక్కడ తేదీల వరస ఒకటి ఉంటుంది, ఏది ఏ రోజు ఎక్కిందో. దాని మీద నొక్కితే తేదీల ప్రకారం సర్దుకుంటాయి. ఒక టూల్‌బారు, ఆ వెతుకులాట పేజీ తాలూకుది, కూపన్లదేదో, స్పీడు పెంచుతానని చెప్పుకునేది, వాటితో పాటు వీడియో పాటల్ని ఎంపీ3 చేసే ఉచిత ప్రోగ్రాము. అయిదింటికీ ఒకటే తేదీ. డిసెంబరు నెల, రెండో వారం.

ఆ తేదీ నాకు గుర్తుంది. పిల్లల అమ్మమ్మకి కంటి ఆపరేషన్ అయితే, మీ అమ్మగారూ పిల్లలిద్దరూ మూడు రోజులు అక్కడే ఉన్నారు. ఇంట్లో నేనొక్కణ్ణే. క్రిస్మస్ పాటలు పిల్లలకు నేర్పడానికి ఎంపీ3లు కావాలని, రాత్రి పదకొండింటికి ఆ ప్రోగ్రాము దించింది నేను. వరసగా ఇంగ్లీషు పెట్టెలు వచ్చాయి. ప్రతి పెట్టెలో ముందే టిక్కు పెట్టి ఉన్న గళ్ళు. నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, నెక్స్ట్. ఒక్కటీ చదవలేదు. ఆ టిక్కులు తీసేసి ఉంటే మిగతా నాలుగూ వచ్చేవి కావట.

బాగుచేయడానికి రెండు పూటలు పట్టింది. ముందు ఇంటర్నెట్ తీగ పీకేశాడు. ఆ అయిదింటినీ అక్కణ్ణుంచే తీసేశాడు. తన షాపులో మాల్‌వేర్‌బైట్స్ దించి పెన్‌డ్రైవులో తెచ్చి, మళ్ళీ స్టార్ట్ చేసేటప్పుడు ఎఫ్8 నొక్కి సేఫ్ మోడులో వెతికించాడు. సేఫ్ మోడులో అవసరమైనవి మాత్రమే లేస్తాయి గనుక దాక్కున్నవి అడ్డం తిరగలేవట. రెండు గంటల తర్వాత వందకు పైగా పట్టుకుంది. అయినా ఆ పాత పేజీ మళ్ళీ వచ్చింది! చూస్తే, డెస్క్‌టాప్ మీది బ్రౌజరు గుర్తులోనే, ప్రాపర్టీస్‌లో టార్గెట్ అని ఉన్న చోట, చివర ఆ పేజీ చిరునామా అతికించి ఉంది. షెడ్యూల్డ్ టాస్కుల్లో ఇంకొకటి, రోజూ దాన్ని తిరిగి తెచ్చి పెట్టేది. రెండూ తీసేశాకే వదిలింది. పాస్‌వర్డులు మాత్రం శుభ్రమయ్యాకే మార్చమన్నాడు, ముందే మారిస్తే కొత్తవీ వాటి చేతికే ఇచ్చినట్టు. (మీలో కొందరు ఇంకా ఎక్స్‌పీ వాడుతున్నారు. దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. బ్యాంకు పనులు దాని మీద చేయకండి.)

ఇప్పుడు మీ సంగతి. ఆ కంప్యూటరులో ప్రార్థన మనవుల ఫైలు ఉంది. మీరు నా ఒక్కడికే చెప్పుకున్న జబ్బులు, అప్పులు, ఇంటి గొడవలు, పేర్లతో సహా టైపు చేసి పెట్టాను. అక్షరాలు రాసుకునే రకం ఏదీ దొరకలేదని తమ్ముడు చెప్పాడు. కానీ ఏమీ బయటికి పోలేదని ఒట్టేసి చెప్పగలవా అంటే, చెప్పలేనన్నాడు. అందుకని ఆ ఫైలులో పేర్లున్న 26 కుటుంబాలకూ నేనే ఫోను చేశాను. "నా మోకాళ్ళ నొప్పి అమెరికావాళ్ళకి తెలిస్తే మందేమైనా పంపుతారేమోలెండి" అని ఒక మామ్మగారు నవ్వారు. ఒక సహోదరి మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరేనండి" అని పెట్టేశారు. ఆ ఫోను నాకు ఇంకా వినబడుతూనే ఉంది. ఆ ఫైలు ఇప్పుడు లేదు. మళ్ళీ నోటుపుస్తకంలోనే రాసుకుంటున్నాను, బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను.

తేదీల జాబితా చూసిన రాత్రే మావాడి దగ్గరికి వెళ్ళాను. వరండాలో మంచం మీద పడుకుని ఉన్నాడు, నిద్రపోలేదు. "తప్పు నాది రా" అన్నాను. ఏమీ అనలేదు. కాసేపటికి, "వాళ్ళతో కూడా చెప్తావా?" అని అడిగాడు. వాళ్ళెవరో నేను అడగనక్కర్లేకపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల్ని ఆపి, వాడు పక్కన ఉండగానే చెప్పాను. తిట్టడం ఎంత తేలిగ్గా వచ్చిందో, ఈ నాలుగు మాటలు అంత బరువుగా వచ్చాయి. కిటికీలోంచి చూసిన పెద్దాయన వాడి భుజం మీద చెయ్యి వేసి, పరీక్షలు ఎప్పటినుంచి అని అడిగారు.

ఇప్పుడు కంప్యూటరు నిమిషంలో తెరుచుకుంటోంది. తమ్ముడు వెళ్తూ వెళ్తూ మా అందరికీ మామూలు అకౌంటు ఒకటి చేసి, అడ్మినిస్ట్రేటరు అకౌంటుకి వేరే పాస్‌వర్డు పెట్టించాడు. ఏది ఎక్కించాలన్నా ఆ పాస్‌వర్డు అడుగుతుంది. అది మావాడి దగ్గర ఉంచాను. మొన్న పాటల పుస్తకం కోసం ఒక ఫాంటు ఎక్కించాల్సి వచ్చి వాణ్ణి పిలిచాను. చేతులు కట్టుకుని వెనక నిలబడి, "ఎక్కణ్ణుంచి దించావు నాన్నా? అందులో ఏం రాసుందో చదివావా?" అన్నాడు.

చదవలేదు. కూర్చుని మొదటినుంచి చదివాను.