ఖాలూ కొన్న బాదం

మా ఖాలా వాళ్లది వడ్డాది. చోడవరం దాటి మాడుగుల వైపు వెళ్తుంటే వస్తుంది. 2025 రంజాన్‌లో, మార్చి నెలలో, పది రోజులు అక్కడే ఉన్నాను. చెరుకు ఆడే రోజులు. అసర్ దాటితే ఎక్కడి నుంచో బెల్లం వండే వాసన వచ్చేది. రోజాతో ఉన్నవాళ్లకి అదో ఇంతెహాన్.

ఆ వారమే ఖాలా కొడుకు దుబాయ్ నుంచి ఛుట్టీకి వచ్చాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు, అక్కడో హోటల్లో బార్ కౌంటర్ వెనక నౌకరీ. తను చుక్క ముట్టడు, నమాజ్ వదలడు. అయినా ఖాలూ రెండేళ్లుగా వాడి కమాయి ముట్టుకోవట్లేదు. షరాబు తాగేవాడికే కాదు, పోసేవాడికీ మోసేవాడికీ గునా ఉందని హదీస్ చెబుతోంది కదా, ఆయన మాట అదే. వాడు పంపే డబ్బు ఖాలా బ్యాంకులో అలాగే ఉంచుతోంది. తండ్రీకొడుకులు ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటారు, మాటలు మాత్రం ఖాలా ద్వారానే.

"ఇవాళ ఇఫ్తార్‌కి బాదం షర్బత్ నేను చేస్తా ఆపా" అన్నాడు. వాళ్ల బార్‌లో దీన్ని ఓర్జా అంటారట. ఫ్రెంచి మాట. ఒకప్పుడు బార్లీతో చేసేవారు, పేరు ఆ గింజదే. తర్వాత బార్లీ పోయి బాదం మిగిలింది. 1862లో అమెరికాలో జెర్రీ థామస్ అచ్చు వేయించిన పుస్తకంలోనే దీన్ని బ్రాందీతో కలిపే కాక్‌టెయిల్ ఉంది. కాలిఫోర్నియాలో విక్టర్ బెర్జరాన్ అనే ఆయన 1944లో రమ్ము, నిమ్మరసం, ఈ బాదం పాకం కలిపి 'మైటాయ్' తయారుచేశానని చెప్పుకున్నాడు. వాడు నిమ్మకాయలు కోస్తూ ఇవన్నీ చెబుతుంటే ఖాలా "తౌబా తౌబా" అంటూనే మొత్తం వింది.

ఖాలా పద్ధతి వేరు. బాదం ముద్దని చక్కెర పాకంలో వేసి బాగా మరిగిస్తుంది, ఇలాయిచీ దంచి వేస్తుంది. వీడు పావుకిలో బాదం సహరీ వేళ నానబెట్టాడు. మధ్యాహ్నం తొక్క తీసి, నీళ్లు పోసి రుబ్బి, మల్‌మల్ గుడ్డలో గట్టిగా పిండాడు. వచ్చిన పాలకి సమానంగా చక్కెర పోసి, సన్నసెగ మీద కరిగే వరకే ఉంచాడు. మరిగితే నూనె విడిపోతుందట. చల్లారాక గులాబ్ జల్. రోజాలో రుచి చూడలేం, అంతా అందాజాయే.

"పాడవకుండా అక్కడ కొందరు ఇందులో చెంచాడు వోడ్కా పోస్తారు" అని నోరు జారాడు. ఖాలా చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఇందులో లేదమ్మీ, వల్లాహ్! ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు తాగేద్దాం."

మగ్రిబ్ అజాన్ అయింది. బాదం పాకం, నిమ్మరసం, కమలారసం, ఐసు: రమ్ము లేని మైటాయ్ అన్నమాట. పిల్లలు రెండేసి గ్లాసులు లాగించారు. నాకైతే ఖాలా షర్బతే ఎక్కువ నచ్చుతుంది గానీ, ఆ పులుపు ఎండిన గొంతుకి హాయిగా దిగింది. ఖాలూ ఖజూర్ తిని, మంచినీళ్లు తాగి లేచి మసీదుకి వెళ్లిపోయారు. ఆ గ్లాసు అలాగే ఉండిపోయింది. వాడే తీసుకెళ్లి సింక్‌లో పారబోశాడు. బాదం తెచ్చింది వాడు, దుబాయ్ నుంచి.

మర్నాడు జొహర్ అయ్యాక ఖాలూ చోడవరం బస్సెక్కారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అసర్‌కి తిరిగొచ్చి ఒక పొట్లం వంటింటి గట్టు మీద పెట్టారు. అరకిలో బాదం. "నా పెన్షన్‌తో కొన్నా. చెయ్యమను" అని ఖాలాతో అన్నారు. వాడు అక్కడే, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

నానడానికి టైము లేక వేణ్నీళ్లలో వేసి తొక్క తీశాం. ఈసారి చక్కెరకి బదులు బెల్లం వేద్దామన్నాను, అనకాపల్లి బెల్లం పక్కనే ఉండగా చక్కెరెందుకని. నాదే తప్పు. రంగు మట్టిలా అయింది, బాదం వాసన బెల్లంలో మునిగిపోయింది. వాడు సోడా, అల్లంరసం కలిపి ఎలాగో సంభాళించాడు.

ఖాలూ గ్లాసంతా తాగారు. "తీపి ఎక్కువైంది" అన్నారు, వాడి వైపు చూసే.

ఈద్ అయ్యాక వాడు మళ్లీ అదే నౌకరీకి వెళ్లాడు. కాఫీ కౌంటర్‌లో పని కోసం వెతుకుతున్నానని మొన్న ఫోన్‌లో చెప్పాడు. జీతం తక్కువట. ఇంకా దొరకలేదు.