రేగుపండు

ఫాల్గుణం ప్రవేశించింది. కర్నూలులో తుంగభద్ర సన్నగిలి ఇసుకతిన్నెలు బయటపడ్డాయి. మా రెండేండ్ల కుమారునితో సాయంత్రాలు మేము అక్కడికే పోతుంటాము. పిడికిళ్లతో ఇసుక తెచ్చి మా బూట్లలో పోయడమే వాని క్రీడ. ఎం.ఏ. పట్టా అందుకు అడ్డురాలేదు!

ఒకనాడు తోపుడుబండి వద్ద రేగుపండ్లు కొన్నాము. వాడు ‘బేర్, బేర్’ అని గంతులు వేశాడు. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు. వానికి రుచి ఒక్కటే. గింజ తీసి పెట్టమని వాని తల్లి చేసిన హెచ్చరికను, సహాధ్యాపకునితో పరీక్షల ముచ్చటలో పడి, మరచినాము. అంతలో దగ్గు, కందిన మొగము, పెగలని గొంతు. బోర్లా వంచి వీపు చరచగా గింజ ఇసుకలో పడింది. మా చేతుల వణుకు చాలాసేపు తగ్గలేదు. వాడు మాత్రం ఆ గింజను అక్కడే పూడ్చి, ‘పానీ’ అన్నాడు. ఏటికి పోయి దోసిట తెచ్చి పోశాము.